కుటుంబ ప్రార్థన అనగానే నాలుగేళ్ళ బాబు మంచం కింద దూరిపోతున్నాడు, ఏం చేయాలి?

నిద్రలేని_అమ్మ | సోమవారం రాత్రి 11:52

అందరికీ వందనాలు. చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నా కానీ రాయడం ఇదే మొదటిసారి, తప్పులుంటే క్షమించండి. మాకు ఇద్దరు, బాబుకి నాలుగేళ్ళు పాపకి ఏడాదిన్నర. పెళ్ళైన కొత్తలో నేనూ మా ఆయనా రోజూ రాత్రి గంటసేపు కుటుంబ ప్రార్థన చేసుకునేవాళ్ళం, రెండు పాటలు, ఒక అధ్యాయం, తర్వాత మోకాళ్ళ మీద ప్రార్థన. పిల్లలు పుట్టినా ఇది మాత్రం ఆపకూడదని గట్టిగా అనుకున్నాం. ఇప్పుడు "ప్రార్థనకి రండి" అనగానే బాబు మంచం కింద దూరిపోతున్నాడు. నిన్న రాత్రి కాలు పట్టుకుని బయటకి లాగాను, కూర్చోబెట్టి వాడి రెండు చేతులూ నా చేత్తో జోడించి పట్టుకుని కళ్ళు మూసుకో అని అరిచాను. వాడు వెక్కుతూనే కళ్ళు మూసుకున్నాడు. నేను అదే గొంతుతో "ప్రేమగల మా తండ్రీ" అని మొదలుపెట్టాను. ఇక ముందుకి మాట రాలేదు. ఆయన ప్రార్థన ముగించారు, నేను వంటింట్లోకి వెళ్ళి నిలబడ్డాను చాలాసేపు.

నా సొంత ప్రార్థన సంగతి చెప్పాలంటే భయంగా ఉంది, బైబిల్ తెరిచి ఎన్ని వారాలైందో లెక్క లేదు. ఆదివారం గుడికి వెళ్తాం కానీ పాప ఏడుస్తుంది కాబట్టి నేను బయట వరండాలోనే ఉంటాను, ఏడాదిన్నరగా ఒక్క ప్రసంగం పూర్తిగా విన్నది లేదు. దేవునికి దూరమైపోయానా అనిపిస్తోంది. పిల్లల్ని భక్తిలో పెంచాలని చూస్తూ నేనే వాళ్ళకి భక్తి అంటే విసుగు పుట్టిస్తున్నానేమో. ఎవరైనా ఈ దశ దాటినవాళ్ళు చెప్పండి.

ముగ్గురు_మగపిల్లల_అమ్మ | మంగళవారం ఉదయం 6:10

చెల్లీ, ముందు ఒక మాట, నువ్వు దూరమైపోలేదు, అలిసిపోయావు. రెండూ ఒకటి కాదు. మా పెద్దోడికి ఇప్పుడు పదకొండు, నువ్వు చెప్పిన మంచం స్థానంలో మా ఇంట్లో కర్టెన్ ఉండేది అంతే తేడా.

మేము చేసిన మొదటి పని టైమ్ మార్చడం. రాత్రి తొమ్మిదికి నాలుగేళ్ళ పిల్లాడిలో ఓపిక ఏముంటుంది చెప్పు, అప్పటికి వాడికి కావాల్సింది నిద్ర. మేము సాయంత్రం వాళ్ళ కడుపు నిండి ఇంకా ఆటకి వెళ్ళకముందు ఐదు నిమిషాలు పెట్టుకున్నాం. ఐదంటే ఐదే. ఒక పాట, అది కూడా చేతులూపుతూ పాడేది, ఒక్క వచనం, ఒక్కొక్కరు ఒక్క వాక్యం ప్రార్థన. మా గంట ప్రార్థన పోయిందని మొదట్లో నాకూ బాధే, కానీ ప్రభువు నేర్పిన ప్రార్థన తాపీగా చెప్పినా నిమిషం పట్టదు కదా, విస్తరించి మాట్లాడితేనే వింటాడనుకోవద్దని ఆయనే చెప్పాడు.

ఇంక వరండా గురించి. హన్నా సంగతి చూడు. ఆవిడ భర్త ఎల్కానా, ఇంటివాళ్ళంతా ఏటా బలి అర్పించడానికి మందిరం ఉన్న షిలోహుకి వెళ్తుంటే హన్నా వెళ్ళలేదు, బిడ్డ పాలు విడిచేదాకా నేను రాను అంది (1 సమూయేలు 1:22). ఏళ్ళ తరబడి అదే మందిరంలో ఏడ్చి అడిగి కన్న బిడ్డ కదా, అయినా ఇంట్లోనే ఉండి పాలిచ్చింది. ఎల్కానా కూడా నీ దృష్టికి ఏది మంచిదో అది చెయ్యి అన్నాడు, బలవంతం చేయలేదు. ఆ పాలిచ్చిన రోజుల్ని దేవుడు లెక్కలో వేయలేదని ఎక్కడా రాయలేదు. నేను ఈ భాగం చదివి ఏడ్చాను ఒకప్పుడు, అందుకే నీకు చెప్తున్నా.

సంఘ_పెద్ద | మంగళవారం ఉదయం 8:35

సహోదరీ, మీ భారం అర్థమైంది. కానీ అందరూ సులువు మార్గం చెప్తారు కాబట్టి నేను కష్టమైన మాట చెప్తాను. పిల్లవాడు దాక్కున్నాడని ప్రార్థన కుదించుకుంటూ పోతే రేపు వాడే ఇంటికి పెద్ద అవుతాడు. యాజకుడైన ఏలీ తన కుమారుల్ని అడ్డుకోలేదని దేవుడు ఆ ఇంటిమీద తీర్పు చెప్పాడు. బెత్తము వాడనివాడు తన కుమారునికి విరోధి అని సామెతలు 13:24లో ఉంది. మా ఇంట్లో మా నాన్నగారు మోకరిస్తే పసిపిల్లతో సహా అందరం మోకరించేవాళ్ళం, ఎవరం చెడిపోలేదు. ప్రేమతోనే చెప్తున్నాను.

సండేస్కూల్_టీచర్_22ఏళ్ళు | మంగళవారం మధ్యాహ్నం 1:20

అయ్యగారూ మీ మీద గౌరవంతోనే రాస్తున్నా, ఏలీ కొడుకులు నాలుగేళ్ళ పిల్లలు కాదండీ. పెద్దవాళ్ళు, యాజకులు, దేవునికి తెచ్చిన బలిమాంసం బలవంతంగా లాక్కునేవాళ్ళు, గుడారం దగ్గర స్త్రీలతో తప్పు చేసేవాళ్ళు. దాన్ని తెచ్చి మంచం కింద దాక్కున్న పసివాడికి పెడితే ఆ తల్లి ఎంత భయపడుతుంది చెప్పండి.

పిల్లల తల్లిదండ్రులకి నేను ఎప్పుడూ చూపించే భాగం ఇంకోటుంది, ఆదికాండం 33. ఏశావు తమ్ముడు యాకోబుతో అన్నదమ్ముల ప్రేమ కొద్దీ పద పోదాం, నేను ముందు నడుస్తాను అంటాడు. యాకోబు ఏమంటాడంటే, నా దగ్గరున్నవాళ్ళు పసిపిల్లలు, పాలిచ్చే గొర్రెలూ పశువులూ ఉన్నాయి, ఒక్క రోజు వడిగా తోలినా మందంతా చచ్చిపోతుంది, మీరు ముందు వెళ్ళండి, నేను ఈ పిల్లలు నడవగలిగినంత మెల్లగా నడిపించుకుంటూ వస్తాను అంటాడు. అంతకుముందు రాత్రే దేవునితో పెనుగులాడి కుంటుతూ వచ్చిన మనిషి ఆయన, తనకీ మెల్లగానే నడవాలి. పిల్లల నడకని బట్టి ఇల్లు నడవాలి. యెషయా 40:11 చూడండి, "పాలిచ్చువాటిని ఆయన మెల్లగా నడిపించును", ఆ కాపరి ఎవరో మనకి తెలుసు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, ఇది నన్ను చాలా ఏళ్ళుగా బాధపెడుతోంది. మా క్లాస్‌లో ఒక పాప ఉండేది, ఐదేళ్ళుంటాయేమో. ఒకరోజు "యేసయ్య మనల్ని ఎప్పుడూ చూస్తుంటాడు" అని చెప్తున్నా, నాకది ధైర్యం చెప్పే మాట. ఆ పాప చున్నీ చివర నోట్లో పెట్టుకుని కొరుకుతూ, అందుకే నేను రాత్రి దుప్పటి తల మీదకి కప్పుకుంటా టీచర్, అంది. ఎందుకమ్మా అంటే, తప్పు చేస్తే కొడతాడు కదా, కనపడకుండా ఉంటా అంది. ఎవరు చెప్పారో నేను అడగలేదు, అడగాల్సిన పని లేదు, మనందరం చెప్తాం. అన్నం తినకపోతే యేసయ్యకి కోపం వస్తుంది, అబద్ధం చెప్తే కళ్ళు పోతాయి, అల్లరి చేస్తే దేవుడు చూస్తున్నాడు. మన చేతకానప్పుడల్లా దేవుణ్ణి పోలీసులాగా పిలుస్తాం. తర్వాత ఆయన దగ్గరకి రమ్మంటే పిల్ల ఎలా వస్తుంది. ఆ పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకుని మార్కు 10 కథ చెప్పాను, శిష్యులు పిల్లల్ని తెచ్చినవాళ్ళని గద్దిస్తే యేసు కోపపడింది శిష్యుల మీద కానీ పిల్లల మీద కాదు అని. పిల్లల్ని ఎత్తి కౌగిలించుకుని చేతులుంచి ఆశీర్వదించాడు, వాళ్ళకి ప్రసంగం ఏమీ చేయలేదు కూడా. ఆ కథ ఆ పాప నాలుగు ఆదివారాలు వరసగా మళ్ళీ చెప్పించుకుంది. శిష్యుల మీద కోపపడ్డాడు అన్న చోటుకి రాగానే నా మొహంలోకి చూసేది.

రాత్రి_డ్యూటీ | మంగళవారం రాత్రి 7:48

డ్యూటీకి బయల్దేరే ముందు రాస్తున్నా. సిస్టర్, మీ పోస్ట్‌లో ఒక్క లైన్ దగ్గర ఆగిపోయాను, "ఆయన ప్రార్థన ముగించారు". ఆయన మీ వెనక వంటింట్లోకి వచ్చారా? తప్పుపట్టడం కాదు, నేను రాని రోజులున్నాయి కాబట్టి అడుగుతున్నా.

నాకు వారంలో ఆరు రాత్రులు పని. కుటుంబ ప్రార్థన నా వల్ల అయ్యేది కాదు, చాలాకాలం ఆ భారమంతా మా ఆవిడ మీద పడేసి నేను సంపాదిస్తున్నా కదా అనుకున్నాను. ఎఫెసీ 6:4 ఒకసారి చదువుతుంటే తట్టింది, అక్కడ "తండ్రులారా" అని ఉంది. కోపం రేపకుండా పెంచమని చెప్పింది మాకు. ద్వితీయోపదేశకాండం 6:7లో వేళలు చెప్పాడు, ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు. నాకు నాలుగింట్లో ఒకటే దొరుకుతుంది, పిల్లలు లేచే వేళ. నేను ఇంటికి చేరేసరికి వాళ్ళు స్కూల్‌కి రెడీ అవుతుంటారు. చిన్నదానికి షూ లేసులు నేనే కడతాను, రెండు కాళ్ళకీ కట్టేలోపు ఒక చిన్న మాట చెప్తాను. నిన్నటిది ఏంటంటే పిచ్చుకల్లో ఒకటి కూడా దేవునికి తెలియకుండా నేల రాలదు అని. అది కిటికీ వైపు చూసి మరి పిల్లి పట్టుకుంటే అని అడిగింది. అప్పుడు కూడా ఆయనకి తెలుస్తుంది తల్లీ అన్నాను. తర్వాత తల మీద చెయ్యి పెట్టి "యెహోవా నిన్ను ఆశీర్వదించి నిన్ను కాపాడును గాక" అంటాను, సంఖ్యాకాండం 6లో యాజకుడైన అహరోనుకి ఇచ్చిన మాట. మొత్తం రెండు నిమిషాలు. ఒకరోజు బస్సుకి లేటై నేను మర్చిపోతే అది గేటు దాకా వెళ్ళి వెనక్కొచ్చి తల వంచి నిలబడింది.

బస్ వచ్చింది, తర్వాత రాస్తా.

సంఘ_పెద్ద | మంగళవారం రాత్రి 9:15

సండేస్కూల్ టీచర్ అమ్మా, ఏలీ సంగతి మీరు చెప్పింది సబబే, నేను ఆ మాట తొందరపడి వాడాను. సహోదరీ నన్ను క్షమించండి. కానీ క్రమం వద్దు అన్న అర్థంలో మాత్రం ఎవరూ తీసుకోవద్దు, ప్రార్థన వేళ ఫోన్ చేతికిచ్చి కూర్చోబెట్టే ఇళ్ళు నేను చూస్తున్నాను, దానికన్నా దాక్కున్న పిల్లవాడే నయం.

ఒక విషయం ఇక్కడ ఎప్పుడూ రాయలేదు. నా పెద్ద కొడుకు ముప్పై దాటాక ఒకరోజు నాతో అన్నాడు, నాన్నా నీ ప్రార్థనలు నాకు అన్నీ గుర్తున్నాయి, నువ్వు నాతో ఆడుకున్న రోజు ఒక్కటీ గుర్తులేదు అని. వాడు విశ్వాసంలోనే ఉన్నాడు, దేవునికి స్తోత్రం. ఆ మాట మాత్రం మోస్తున్నాను. కొలొస్సీ 3:21లో పిల్లల మనస్సు క్రుంగకుండునట్లు అని పౌలు ఎందుకు రాశాడో అప్పుడు తెలిసింది.

చరిత్ర_చదివే_సిస్టర్ | బుధవారం ఉదయం 10:05

బెత్తం మాట వచ్చింది కాబట్టి సుసన్నా వెస్లీ గురించి రాయాలనిపించింది, ప్రసంగాల్లో ఆవిడ పేరు వింటుంటాం కదా, మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీ, చార్లెస్ వెస్లీ వాళ్ళ అమ్మ. 19 మంది పిల్లల్ని కంది, అందులో 9 మంది పసితనంలోనే పోయారు. ఆ ఒక్క ముక్క మనం త్వరగా దాటేస్తాం, తొమ్మిది సార్లు బిడ్డని పాతిపెట్టిన తల్లి ఆవిడ. 1732లో జాన్ అడిగితే పిల్లల్ని ఎలా పెంచిందో ఉత్తరం రాసింది. అందులో ఏడాది నిండేసరికి పిల్లలకి బెత్తానికి భయపడటం, మెల్లగా ఏడవటం నేర్పాను అని ఉంది, చదివితే నాకు మనసు ఒప్పదు, ఒప్పనక్కర్లేదు కూడా. కానీ అదే ఉత్తరంలో ఇంకో నియమం ఉంది, తప్పు చేసిన పిల్ల నిజం ఒప్పుకుని ఇక చేయనంటే కొట్టకూడదు, ఒకే తప్పుకి రెండుసార్లు శిక్ష వేయకూడదు, పాత తప్పు తవ్వి ఎత్తిపొడవకూడదు. ఇది మాత్రం నేను మా ఇంట్లో పాటిస్తున్నా. అబద్ధాలు తగ్గాయి, నిజం చెప్తే ఏం కాదని పిల్లకి తెలిసింది కాబట్టి.

నాకు అన్నిటికన్నా నచ్చింది వేరే. అంతమంది పిల్లల్లో ఒక్కొక్కరికి వారంలో ఒక సాయంత్రం కేటాయించి ఆ పిల్లతో మాత్రమే కూర్చుని మాట్లాడేది. జాన్‌కి గురువారం. పెద్దయ్యాక కూడా ఆ గురువారం సాయంత్రాన్ని తలుచుకుంటూ తల్లికి ఉత్తరం రాశాడు. బెత్తాన్ని తలుచుకున్నట్టు నేనెక్కడా చదవలేదు.

ఇంకా వెనక్కి వెళ్తే నాలుగో శతాబ్దంలో యోహాను క్రిసోస్తోమ్ అనే పేరున్న ప్రసంగీకుడు తల్లిదండ్రులకి చెప్పిన పద్ధతి ఉంది. పిల్లాడికి ఒక సాయంత్రం కయీను హేబెలు కథ ఇంపుగా చెప్పమంటాడు, ఒకేసారి కాదు, ఇంకోరోజు నాకు ఆ కథ చెప్పు అని వాడి చేతే చెప్పించమంటాడు. ఆ తర్వాత గుడిలో ఆ భాగం చదివే రోజు పిల్లాడిని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళమంటాడు, ఇది నాకు తెలుసు అని వాడి మొహం వెలిగిపోతుందని. జర్మనీ సంఘ సంస్కర్త మార్టిన్ లూథర్ కూడా 1529లో ఇంటి పెద్దలు పిల్లలకి నేర్పడానికి చిన్న ప్రశ్నోత్తరాల పుస్తకం రాస్తే అందులో రాత్రి ప్రార్థన కొన్ని లైన్లే, అది కాగానే సంతోషంగా వెంటనే నిద్రపొమ్మని రాశాడు. గంటసేపు అని ఎవరూ చెప్పలేదు సిస్టర్.

కొత్త_నాన్న | బుధవారం మధ్యాహ్నం 2:40

మాకు ఆరు నెలల బాబు. వరండా గురించి ఒక ప్రశ్న. మా సంఘంలో పిల్లలు ఏడిస్తే వెనక్కి తిరిగి చూస్తారు, పోయినవారం ఒకాయన తీసుకెళ్ళండి అని సైగ చేశాడు, మా ఆవిడ ఇంటికి వచ్చాక ఇక రాను అంది. పిల్లల్ని ఆరాధనలో ఉంచడం మంచిదా లేక సండే స్కూల్ గదిలో వేరే ఉంచడం మంచిదా?

సండేస్కూల్_టీచర్_22ఏళ్ళు | బుధవారం సాయంత్రం 5:30

బ్రదర్, ఇన్నేళ్ళు సండే స్కూల్ చెప్పిన మనిషిగా నా మాట, మా గది పిల్లల్ని దాచే చోటు అవ్వకూడదు. 1780లో ఇంగ్లండ్‌లోని గ్లౌస్టర్‌లో రాబర్ట్ రైక్స్ ఆదివారం బడి పెట్టినప్పుడు అది వారమంతా పనుల్లో నలిగే పేద పిల్లలకి అక్షరాలు నేర్పి వాక్యం చదివించడానికి, పెద్దవాళ్ళ ఆరాధన నిశ్శబ్దంగా సాగాలని కాదు. కొంతసేపు అందరితో, కొంతసేపు వేరుగా, మేము ఇలా చేస్తున్నాం. మత్తయి 21లో దేవాలయంలో పిల్లలు కేకలు వేస్తుంటే ప్రధానయాజకులకి కోపం వచ్చింది, ప్రభువు మాత్రం బాలుర నోట చంటిపిల్లల నోట స్తోత్రం సిద్ధింపజేశావని చదవలేదా అని వాళ్ళనే అడిగాడు. మీ భార్యకి చెప్పండి, రమ్మనండి. మీరు బాబుని సగం టైమ్ ఎత్తుకోండి, ఆవిడ ముందు వరసలో కూర్చోవాలి.

ముగ్గురు_మగపిల్లల_అమ్మ | బుధవారం సాయంత్రం 6:02

ఆ సైగ చేసినాయన గురించి పాస్టర్‌గారితో మాట్లాడండి బ్రదర్, మీరు మాట్లాడాలి, ఆవిడ కాదు. ఇది చాలా ముఖ్యం. ఒక్క చూపుకి గుడి మానేసిన తల్లులు నాకు తెలుసు.

ఒంటరిగా_నడుస్తూ | బుధవారం రాత్రి 10:44

ఇక్కడ అందరికీ ఇంట్లో ప్రార్థించే భర్తలున్నారు, నాకు లేరు. ఆయన చెడ్డవారు కాదు, నమ్మరు అంతే. నేను పాపకి ప్రార్థన నేర్పిస్తుంటే టీవీ సౌండ్ పెంచేవారు. మొదట్లో గొడవపడేదాన్ని, పాప ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసేది. ఇప్పుడు ఆయన ముందు వాదించను, పాప దగ్గర నాన్నని తక్కువ చేసి ఒక్క మాట అనను. పౌలు శిష్యుడు తిమోతి తండ్రి గ్రీసు దేశస్థుడు, విశ్వాసం తిమోతికి వచ్చింది అవ్వ లోయి, అమ్మ యునీకే దగ్గర్నుంచి. ఆ ఇంట్లో సాయంత్రాలు ఎలా ఉండేవో రాయలేదు కానీ నాకు కొంచెం తెలుసనిపిస్తుంది.

మా పాప రోజూ నాన్న కోసం ప్రార్థన చేస్తుంది, నేను చెప్పకుండానే. "దేవా మా నాన్న బండి జాగ్రత్త" అని అంతే. మొన్న అది జ్వరంతో ప్రార్థన చేయకుండా నిద్రపోతే ఆయన గుమ్మం దగ్గర నిలబడి, ఇవాళ నా బండి కోసం అడగలేదేంటి అన్నారు.

అక్కా మీరు ఆ రాత్రి ఆగిపోయారు కదా ప్రేమగల తండ్రీ అని, ఆ ఆగిపోవడమే ప్రార్థన అనుకోండి.

రాత్రి_డ్యూటీ | గురువారం ఉదయం 7:05

ఒంటరిగా సిస్టర్, మీరు రాసింది డ్యూటీలో బ్రేక్‌లో చదివాను. మీ ఆయన కోసం నేనూ ప్రార్థిస్తాను, బండి గురించి కూడా.

నిద్రలేని_అమ్మ | శనివారం రాత్రి 9:30

అందరికీ ఎలా థాంక్స్ చెప్పాలో తెలియట్లేదు. సంఘ పెద్ద అయ్యగారూ, మీరు నన్ను క్షమించమనడం ఏంటండీ, మీ కొడుకుగారి మాట చదివి మా ఆయనకి కూడా చూపించాను, ఆయన చాలాసేపు ఏం మాట్లాడలేదు. బ్రదర్ అడిగారు కదా వంటింట్లోకి వచ్చారా అని, ఆ రాత్రి రాలేదు. ఇది చదివాక వచ్చారు, నేను గిన్నెలు కడుగుతుంటే పక్కన నిలబడి, వరండాలో రేపట్నుంచి నేను ఉంటాను, నువ్వు లోపల కూర్చో అన్నారు.

బుధవారం బాబుకి సారీ చెప్పాను. వాడికి గుర్తుండదేమో, అనవసరంగా గుర్తు చేస్తున్నానేమో అనుకున్నా. వాడి ఎత్తుకి కూర్చుని, అమ్మ ఆ రోజు నిన్ను లాగింది కదా అది తప్పు నాన్నా, అమ్మ దేవునికి కూడా సారీ చెప్పింది అన్నాను. వెంటనే ప్యాంటు పైకెత్తి చీలమండ చూపించి ఇక్కడ అన్నాడు. వాడికి అంతా గుర్తుంది. అక్కడ ముద్దు పెట్టుకున్నాను. దేవుడు ఏమన్నాడు అని అడిగాడు. క్షమించాడు అన్నా. అయితే నేను కూడా, అన్నాడు.

ఇప్పుడు సాయంత్రం ఐదు నిమిషాలే చేస్తున్నాం. నిన్న మళ్ళీ మంచం కిందకి వెళ్ళాడు. నేను లాగలేదు, నాకు ఏం చేయాలో తోచక ఆయన వైపు చూశాను, ఆయన పాపని ఎత్తుకుని నేల మీద పడుకున్నారు, నేనూ పడుకున్నాను, ముగ్గురం మంచం కింద తల పెట్టి "యెహోవా నా కాపరి" మొదటి వచనం చెప్పాం. లోపల చీకటిగా దుమ్ముగా ఉంది. బాబు మోచేతుల మీద పాక్కుంటూ దగ్గరకి వచ్చి, ఇక్కడికి కూడా వస్తాడా కాపరి, అని అడిగాడు. వస్తాడు అన్నారు ఆయన. వాడు పక్కకి జరిగి చోటిచ్చాడు.

పాప లేచినట్టుంది, ఉంటాను. రేపు ఆదివారం లోపల కూర్చుంటాను, నా కోసం ప్రార్థించండి.